జింకల కాపునకు కావలసిన సామగ్రి



పూర్వపు మహబూబునగరు జిల్లాలో మక్తలు మొదలు కృష్ణాతీరము వరకు గల మెట్టపొలములందు పెసర, కంది, ప్రత్తి మొలకలు తలయెత్తగనే కృష్ణజింకల మందలు వచ్చి పడుచున్నవి. విత్తిన రైతు మరల విత్తవలసి వచ్చుచున్నది. వెనుకటి కాలమున ఇట్టి వేళ తుపాకి వెదకెడివారు. 1972 వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మేరకు కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది. దానిని చంపినవానికి 3 మొదలు 7 సంవత్సరముల వరకు ఖైదును, జుర్మానాయు కలుగును. పోయిన పంట వచ్చు కారున తీరును. యజమాని ఖైదైన ఇల్లే చెడును.

కావున తొలిసారి కాపునకు పోవు రైతు సమకూర్చుకొనవలసినవి ఇవి: నలుదిక్కులు కనబడు మంచె, వడిసెల, మ్రోగించుటకు ఖాళీ డబ్బా, మంచి టార్చిలైటు, పాముభయమునకు గట్టి చెప్పులును చేతికర్రయు, చలికి గొంగడి. వడిసెల రాయి మందకు ముందు నేలపై పడవలెను గాని జింకకు తగులరాదు. మంద తెల్లవారుజామునను మునిమాపునను మేతకు దిగును గనుక ఆ వేళలందు నిద్ర తగదు. ఇరుగుపొరుగువారు కూడి వంతులు వేసికొనిన, ఒకరు తోలిన మంద మరియొకరి పైరున పడదు.

కంచెకు కరెంటు తీగ తగిలించుట మాత్రము ఎన్నడును కూడదు. అది జింకకన్న ముందు, చీకటిలో పొలమునకు వచ్చిన ఇంటివానినే చంపవచ్చును.