ఓళిగ: పొరయందలి కళ



చిత్రమును ఎట్లు చూడవలెనో, సంగీతమును ఎట్లు వినవలెనో తెలుపు ప్రసంగములను మీరు ఆకాశవాణిలో పలుమారు వినియుందురు. అవి గొప్ప కళలు. వానికి శాస్త్రములున్నవి, గురుపరంపరలున్నవి, సభలున్నవి. నేడు నేను ప్రస్తావింపబోవునది సభకెక్కని కళ. వంటయింటిలో పుట్టి, అరటియాకుపై ఆకృతి దాల్చి, పెనముపై పక్వమై, విస్తరిలో వడ్డించిన కొలది నిమిషములకే అంతరించిపోవు ఆ కళాఖండమును రాయలసీమలోని కోయిలకుంట్ల ప్రాంతమువారు భక్ష్యమనియు ఓళిగయనియు పిలుతురు. కోస్తా జిల్లాలవారికి అదియే బొబ్బట్టు. తీపిని పిండిపొరలో పొదిగి కాల్చు విద్య లోకమందు పలు జాతులకు తెలిసినదే. ఆపిలుపండును పిండిలో చుట్టి కాల్చుకొను దేశములున్నవి. వారి పాకమును గూర్చియు కొంత చెప్పెదను. కాని ముందు మన పొరను మనము ఎరుగవలెను.

కోయిలకుంట్ల పేరు వినగానే చరిత్ర తెలిసినవారికి 1847 ఫిబ్రవరి 22వ తేదీన అచ్చట ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి స్ఫురించును. నేను చెప్పదలచినది ఆ ఊరి నేలను గూర్చి. కుందూ నదికి ఇరువైపుల పరచుకొనియున్న ఆ నల్లరేగడి, వానకాలపు నీటిని తనలో దాచుకొని, వానలు వెడలిపోయిన పిదప సైతము మాసముల తరబడి పైరునకు అందించు గుణము గలది. ఆశ్వయుజ కార్తికములలో విత్తిన పప్పుశెనగ, పలుచోట్ల ఒక్క తడియైన లేకయే, ఆ నిలువ తేమతోను రాత్రివేళ కురియు మంచుతోను పెరిగి మాఘమాసము నాటికి కోతకు వచ్చును. ఒకప్పుడు జొన్నయు ప్రత్తియు కొర్రయు ఏలిన ఆ పొలములలో గత కొన్ని దశాబ్దములుగా ఈ శెనగయే విస్తారముగా పండుచున్నది. నూర్పిళ్లు ముగిసి కొత్త శెనగలు ఇల్లు చేరిన కొన్ని వారములకే ఉగాది. గానుగలాడి కొత్తబెల్లము అంగళ్లకు వచ్చునదియు ఆ దినములలోనే. కావున ఉగాదినాడు ఓళిగలు చేయుట కేవలము ఆచారమని తలపరాదు. ఆ ఏడు నేల యేమి ఇచ్చినదో దానినే ఆ యింటివారు పొరలో పెట్టి దేవునికి నివేదించుచున్నారు.

పొర సంగతి వేరు. ఆ సీమకు చిరకాలము నిత్యాహారము జొన్నయే. జొన్నపిండికి సాగుగుణము లేదు. గోధుమపిండిని నీటితో పిసికినప్పుడు గ్లూటెను అను జిగురుపదార్థము పుట్టి, సన్నని పోగులుగా అల్లుకొని, పిండిని చిరుగకుండ సాగనిచ్చును. జొన్నయందు అది పుట్టదు. అందుచేతనే జొన్నరొట్టె చేయువారు పిండిలో మరిగిన నీరు పోసి కలిపి, అరచేతి మడమతో గట్టిగా మర్దించి, అంచులు చీలకుండ ఒక చేత ఒత్తుచు మరియొక చేత త్రిప్పుచు, తట్టి తట్టి పలుచన చేయవలసియుండును. సాగని పిండిని కేవలము చేతినేర్పుతో వెడల్పు చేయగల ఆ తల్లులకు, పండుగనాడు సాగెడు పిండి చేతికి దొరకినప్పుడు కలుగు స్వేచ్ఛ ఎంతటిదో ఊహింపుడు. రాయలసీమ ఓళిగ అంత పలుచగా, అంత వెడల్పుగా ఉండుటకు మూలము నిత్యము రొట్టె తట్టిన చేయియే అని నా దృఢాభిప్రాయము. గోధుమపిండి వంటలు దక్కనులో ఎంత ప్రాచీనములో తెలియగోరువారు, పండ్రెండవ శతాబ్దమున కల్యాణ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున కూర్చిన మానసోల్లాసములోని అన్నభోగప్రకరణమును చూడవచ్చును. గోధుమలను కడిగి, ఎండబెట్టి, విసరి, జల్లించి, నెయ్యియు ఉప్పును చేర్చి పిసికి కాల్చు విధానమును ఆ రాజు ఎంతో శ్రద్ధతో వర్ణించినాడు.

ఇక పాకవిధానమునకు వచ్చెదము. శెనగబ్యాళ్లు, అనగా శెనగపప్పు, ఎన్ని గిన్నెలో, తురిమిన బెల్లము అన్ని గిన్నెలు. మైదా కూడ అంతే. బ్యాళ్లను గంటసేపు నానబెట్టి, విస్తారముగా నీరు పోసి ఉడికింపవలెను. ఎంతవరకు? ఒక బద్దను తీసి వ్రేళ్ల నడుమ నొక్కినచో మెత్తగా నలగవలెను, కాని గిన్నెలో ఏ బద్దకాబద్ద విడివిడిగా కనబడవలెను. ఇచ్చట ఏమరి గంజివలె ఉడికించినచో పూర్ణము నీరుపట్టి ఇక దారికి రాదు. ఉడికిన బ్యాళ్లను చిల్లుల గిన్నెలో వంచి, ఆ నీటిని పారబోయక పదిలపరుపుడు. దాని ప్రయోజనము తరువాత చెప్పెదను. వంచిన బ్యాళ్లలో బెల్లము చేర్చి మరల పొయ్యిమీద పెట్టగా, బెల్లము కరగి అంతయు ఒకసారి పలుచనై, పిమ్మట మెల్లమెల్లగా చిక్కబడును. గరిటెను నడుమ నిలిపినచో ఒరగక నిలువవలెను. అప్పుడు దించి, ఏలకులు చేర్చి, రుబ్బురోటిలో నీటిచుక్క తగులనీయక రుబ్బవలెను. ఒక్క పలుకు మిగిలినను అది తరువాత పొరను చీల్చును. అందుచే అనుభవజ్ఞులు పూర్ణమును వ్రేళ్ల నడుమ రాచి చూచిగాని రోలు విడువరు.

పిండిని కలుపుట ఇంతకంటె సున్నితమైన పని. మైదాలో చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి, చపాతీపిండికంటె చాల మెత్తగా, చేతికంటుకొనునంత జారుగా కలిపి, ఆపై నూనె పోయుచు పిసికి, చివరకు ఆ ముద్ద నూనెలో మునుగునట్లుంచి రెండు గంటలకు తక్కువ గాకుండ విడిచిపెట్టవలెను. పిసికినప్పుడు బిగుసుకొనిన జిగురుపోగులు ఆ విరామములో సడలును. నూనె పిండిని ఆరిపోనీయదు. ఓపికలేని వంటవారు ఈ విరామమునే తగ్గింతురు. తగ్గించినచో పిండి వెనుకకు ముడుచుకొనుచు, సాగదీసిన కొలది చిరుగుచుండును.

శ్రోతలారా, ఈ కళకంతటికి ప్రాణమైన విషయము ఇక్కడనే యున్నది. పూర్ణపు మెత్తదనమును పిండి మెత్తదనమును సమానముగా ఉండవలెను. పూర్ణము గట్టిదై పిండి మెత్తనిదైనచో, తట్టునప్పుడు పిండి మాత్రము అంచులకు పారిపోయి పూర్ణము నడుమ గుట్టగా మిగులును. పిండి గట్టిదై పూర్ణము జారినచో పూర్ణమే పొరను పగులగొట్టుకొని వెలికి వచ్చును. రెండును సమానమైననాడు అవి కలసి ఒక్కటిగా నడచును. నిమ్మకాయంత పిండిని నూనె రాచిన అరటియాకుపై పరచి, దానికి ఒకటిన్నర రెట్లు పూర్ణమును నడుమ నుంచి, అంచులను పైకి తెచ్చి మూసి, మూసిన భాగము క్రిందికి వచ్చునట్లు త్రిప్పి, వ్రేళ్ల కొనలతో నడుమనుండి అంచులకు తట్టుచు పోవలెను. అరచేయి మోపరాదు. ఆకుతో సహా ఎత్తి పెనముపై బోర్లించి, ఆకును ఒక అంచునుండి నెమ్మదిగా వలిచివేయుదురు. ఆ క్షణమున పొర చిరుగక నిలుచుటయే చేసినవారి విద్యకు పరీక్ష. మంట మధ్యమముగా ఉండవలెను. ఒకవైపు చుక్కలు తేలిన పిదప త్రిప్పి, నెయ్యి వేసి, రెండవవైపు కాల్చవలెను.

పూర్ణమునందలి తేమను ఏమి చేయవలెనను ప్రశ్నయే తీపిని పొరలో పొదుగు ఈ జాతి వంటలన్నిటిని నడుపుచున్నది. కర్జికాయను చూడుడు: అందులో వేయునది వేయించిన పప్పుల పొడి, బెల్లము, ఎండుకొబ్బరి, గసగసాలు, అంతయు పొడియే, తేమ లేదు. కావుననే అది నూనెలో వేగి వారముల తరబడి నిలువయుండును. వినాయకచవితి కుడుము ఆవిరిలో ఉడుకును, కావున మెత్తగానే యుండి ఆ దినమునకే పరిమితమగును. ఓళిగ ఈ రెంటి నడుమ నిలిచినది.

ఇక ఆపిలు సంగతి. ఇంగ్లండులో హన్నా గ్లాస్ అను వనిత 1747లో ప్రకటించిన ప్రసిద్ధ పాకశాస్త్ర గ్రంథములోనే, ఆపిలును పిండిలో చుట్టి, గుడ్డలో మూటగట్టి నీటిలో ఉడికించు విధానము కలదు. అమెరికాలో పెన్సిల్వేనియా ప్రాంతమునందలి జర్మను సంతతివారి యిండ్లలో దానిని పొయ్యిలో కాల్చు పద్ధతి పేరెన్నిక గన్నది. చేయుట కష్టము కాదు. పండు తొక్క తీసి, పైనుండి గింజల భాగమును తొలిచి, ఆ గుంటలో చక్కెరయు, వెన్నయు, దాల్చినచెక్క పొడియు నింపుదురు. రెండు పాళ్ల మైదాలో ఒక పాలు చల్లని వెన్నను వ్రేళ్లతో పొడిపొడిగా కలిపి, కొలదిగా చన్నీరు చిలికి ముద్ద చేసి, చతురస్రముగా ఒత్తి, పండును నడుమ నుంచి నాలుగు కొనలను పైన కలిపి మూసి, 190 డిగ్రీల సెల్సియసు వేడిలో నలుబది నిమిషములకు పైగా కాల్చెదరు. ఓవెను లేనివారు అడుగు మందమైన పెద్ద గిన్నెలో ఇసుక పోసి వేడిచేసి, దానిపై పళ్లెమునుంచి మూతపెట్టి ప్రయత్నింపవచ్చును. పండులో పదింట ఎనిమిది వంతులను మించి నీరే. అది ఆవిరియై పొరను పగులగొట్టకుండ పైన చిన్న రంధ్రము విడువవలెను.

ఈ రెండు పొరలను ప్రక్కప్రక్కన నుంచి ఆలోచించుట నాకు మిక్కిలి ప్రీతికరము. ఆపిలువారి పొరలో చల్లని వెన్న పిండిరేణువులను కప్పి జిగురుపోగులను అల్లుకొననీయదు. అందుచే అది కరకరలాడి నోట పొడిగా విరుగును. మనవారు పోగులను అల్లుకొననిచ్చి, నూనెలో సడలించి, కనబడనంత పలుచగా సాగదీయుదురు. కొవ్వు రెండింటను ఉన్నది, మార్గములు పూర్తిగా వ్యతిరేకములు. ఒకరి పొర తినువానికి ప్రత్యేకముగా తెలియగోరును. మనది పూర్ణములో లీనము కాగోరును. ఏది గొప్పయని నేను తీర్పు చెప్పను. కాని లీనమగు పొరను చేయుటకే ఎక్కువ సాధన కావలెనని మాత్రము నిస్సంకోచముగా చెప్పగలను.

ఓళిగను ఆస్వాదించుట ఎట్లు? మొదట కన్ను. విస్తరిలో పడగానే తుంచకుడు. రెండు చేతుల వ్రేళ్లతో ఎత్తి వెలుతురునకు అడ్డముగా పట్టి చూడుడు. పూర్ణము అంచువరకు సమముగా పరచుకొనియున్నచో అంతట ఒకే వన్నె కనబడును. అంచున తెల్లని పట్టీ కనబడినచో అక్కడ పిండి ఒంటరిగా మిగిలినదని అర్థము. పైనున్న గోధుమవన్నె చుక్కలు చిన్నవై, దగ్గరదగ్గరగా ఉండవలెను. పెద్ద నల్లమచ్చలు మంట తొందరకు గురుతులు. పిమ్మట వ్రేలు: తుంచునప్పుడు సాగకూడదు, విరుగకూడదు, మెల్లగా విడిపోవలెను. అటుపిమ్మట నాలుక. మొదట నెయ్యి, వెంటనే బెల్లము, నమలిన కొలది శెనగయొక్క కమ్మదనము, మ్రింగిన పిదప ఏలకి. ఈ క్రమము తప్పి ఏలకియే ముందు తగిలినచో వేసినవారి చేయి జారినదని గ్రహింపవచ్చును. వేడి ఓళిగకు నెయ్యి చాలును. మరునాటి ఓళిగకు పాలు హితవు. వేసవి ముదిరి, పొరుగుననే యున్న బనగానపల్లెనుండి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ప్రసిద్ధ మామిడిపండు వచ్చు దినములలో, దాని రసముతో ఓళిగ తినుట నా దృష్టిలో రాయలసీమ భోజనమునకు శిఖరము.

దాచియుంచుమని చెప్పిన బ్యాళ్లనీటిని మరువలేదు. ఆ నీటిలో చింతపండు పులుసు, కొంచెము పూర్ణము, కారము, ధనియాల పొడి చేర్చి మరగించి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువతో తిరుగమోత పెట్టినదే భక్ష్యాల చారు. తీపిచే మొద్దుబారిన నాలుకను ఆ పులుపుకారములు మరల మేల్కొలిపి, రెండవ ఓళిగకు సిద్ధపరచును. చారు లేక ఓళిగలు మాత్రమే వడ్డించిన విందు అసంపూర్ణమని కోయిలకుంట్లవారు అన్నచో, నేను వారి పక్షమే. నీరు విలువ తెలిసిన సీమలో, పప్పు ఉడికిన నీటిని సైతము ఒక గొప్ప వంటకముగా మలచిన ఆ బుద్ధికి నమస్కరింపవలెను.

నేడు పట్టణములలో అంగడి ఓళిగలు కాగితపు పొట్లములలో సులభముగా లభించుచున్నవి. వానిని చేసి జీవించువారి శ్రమను నేను గౌరవింతును. కాని వానిలో పెక్కింటికి పొర మందము, పూర్ణము స్వల్పము, నెయ్యికి బదులు వనస్పతి. వానినే తిని పెరిగిన పిల్లలకు ఓళిగ యనగా ఇంతేనను భావము స్థిరపడును. ఇంటిలో చేయువారు తగ్గుటకు కారణము స్త్రీలకు ఓపిక నశించుట కాదు; రోటి పని, పొయ్యి పని, వడ్డన పని అంతయు ఒక్కరిమీదనే పడుటయే. కావున పురుష శ్రోతలకు నా విన్నపము: రాబోవు ఉగాదినాడు పూర్ణము రుబ్బు పనిని మీరు తీసికొనుడు, పిల్లలచే పిండిముద్దలు చేయింపుడు, మీ యింటి పెద్దామె తట్టుచుండగా ఆమె ప్రక్కన కూర్చుండి, వ్రేళ్లు ఎచ్చట మొదలై ఎట్లు కదలుచున్నవో చూచి, ఆమె చేతిక్రిందనే ఒక్క ఓళిగనైన తట్టి నేర్చుకొనుడు.