ఆవ గట్టున బాట

సబ్బవరం నుండి అనకాపల్లి చేరి, అక్కడ నుండి మునగపాక మీదుగా అచ్యుతాపురం దారి పట్టిన వారికి కొండకర్ల ఆవ ఎంతో దూరం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని మంచినీటి సరస్సులలో కొల్లేటి తరువాత దీనినే పెద్దదిగా చెప్పుకొంటారు. కొండల నడుమ నిలిచిన నీరు, నీటిపై తామరలు, తాటి బోదెలను తొలిచి జతగా కట్టిన దోనెలు, శీతకాలంలో దూరదేశాల నుండి విడిదికి వచ్చే పక్షులు - ఇవి ఈ ఆవకు సహజమైన అలంకారాలు.

ఇటువంటి సరస్సుల వెంట నడిచేవారికి, సైకిలుపై పోయేవారికి బాటలు వేయవలెనన్న కోరిక నేడు పలుచోట్ల వినవస్తున్నది. కోరిక మంచిదే. మనిషి కంటితో చూచిన దానినే మనసులో పెట్టుకొంటాడు. మనసులో పెట్టుకొన్న దానినే కాపాడుకొంటాడు. అయితే ఆ బాటను ఎక్కడ వేయవలెను? అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది.

సరస్సు అనగానే మనకు నిండునీరు తోచును. ఒడ్డున జమ్ము మొలిచిన బురదనేల పనికిరాని చోటుగా కనబడును. నిజానికి సరస్సుకు ప్రాణం ఆ అంచులోనే ఉన్నది. వానకారులో నీరు అక్కడికి పరచుకొంటుంది. వేసవిలో వెనుకకు తగ్గుతుంది. పైనుండి కొట్టుకొని వచ్చిన మట్టిని జమ్ము వేళ్ళు పట్టి నిలుపుతవి. చేపపిల్లలు పెరిగేది, నత్తగుల్ల కొంగకు నత్తలు దొరికేది అక్కడనే. ఆ అంచును మట్టితో పూడ్చి, సిమెంటు పరచి బాట వేసితే, చూడబోయిన దానినే చెరిపినవారమవుతాము.

చెరిపిన దానిని తిరిగి తెచ్చుకొనుట ఎంత కష్టమో కొల్లేరు చెప్పుతున్నది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందపు జాబితాలో చేరినది. అప్పటికే సరస్సు గర్భమంతా చేపల చెరువుల గట్లతో నిండిపోయినది. 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగగొట్టించినది. వాటిపై బ్రతుకు సాగించిన కూలిజనం ఇక్కట్ల పాలైనారు. కొంతకాలానికి పలుచోట్ల చెరువులు తిరిగి వెలిసినవి. ఆదిలో హద్దు నిలుపుకొనని చోట తరువాతి దిద్దుబాటు అందరికీ భారమే.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ రాజస్థానంలోని భరత్‌పూర్. అక్కడి కేవలాదేవ్ పల్లపుభూమికి నీరు మనుష్యులు కట్టిన కట్టల వల్లనే అందుతున్నది. 1982లో అది జాతీయోద్యానమైనది. 1985లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకెక్కినది. సందర్శకులు కాలినడకను, సైకిళ్ళపైన, సైకిల్ రిక్షాలపైన నీటి మధ్యనున్న కట్టల వెంట తిరుగుతారు. రిక్షా తొక్కేవారే పక్షుల పేర్లు చెప్పి చూపిస్తారు. పక్షులున్నంత వరకే తమ జీవనమని వారికి తెలుసును. కావలి అంటే అదియే.

కొండకర్లకైనా, మన ఊరి చెరువుకైనా ఈ పాఠం చాలును. నీరు నిండుగా ఉన్న కాలంలో దాని అంచును గుర్తించి హద్దురాళ్ళు నాటవలెను. బాట ఆ రాళ్ళకు వెలుపలనో, ఇదివరకే ఉన్న గట్టు మీదనో సాగవలెను. మట్టిబాట అయితే మరీ మంచిది. గుర్రపుడెక్కను తీసివేయవలెను గాని జమ్మును సమూలంగా పెరికివేయరాదు. పక్షులు గూళ్ళు కట్టిన చోట బాట దూరంగా తొలగిపోవలెను. దోనె నడిపేవారికి, వలవేసేవారికి ఆ బాట వలన నాలుగు డబ్బులు చేరవలెను.

అట్లా వేసిన బాట విహారానికి మాత్రమే కాదు, సరస్సుకు హద్దుగా కూడ నిలుస్తుంది. ప్రతిదినం పదిమంది నడిచే గట్టును ఎవరును రాత్రికి రాత్రి కలుపుకొనలేరు.