మాటయు, దాని తోడును



మాటను ఏకాకిగా నేర్చినవానికి అర్థము తెలియును గాని వాడుక తెలియదు. తెలుగున ‘కటిక’ అను మాట చీకటితో పొసగును, దారిద్ర్యముతో పొసగును. ‘కటిక వెన్నెల’ అన్నచో పసివారును నవ్వుదురు. ఇంగ్లీషు భాషకును ఇదియే న్యాయము.

గొప్ప మార్పును తెలుపుటకు ఆ భాషలో రాడికల్లీ, ఫండమెంటల్లీ, డ్రాస్టికల్లీ అను మాటలు విరివిగా వాడుదురు. నిఘంటువులో వీని అర్థములు దగ్గరదగ్గరగానే యుండును. తోడులు మాత్రము వేరు.

రాడికల్లీ అనుదానికి మూలము లాటిను భాషలోని ‘రాడిక్స్’; వేరు అని అర్థము. ముల్లంగికి ‘రాడిష్’ అను పేరును దానినుండియే వచ్చినది. సంస్కృతమునను ముల్లంగి ‘మూలకము’ అగుట చిత్రము. చేంజ్, ఆల్టర్, డిఫరెంట్ అనునవి ఈ మాటకు అలవాటైన తోడులు. ‘రాడికల్లీ డిఫరెంట్’ అనగా వేరునుండియే వేరు.

ఫండమెంటల్లీ పునాదికి సంబంధించినది. పునాదిలోనే తప్పున్నదని చెప్పుటకు ‘ఫండమెంటల్లీ రాంగ్’ అందురు.

డ్రాస్టికల్లీ గ్రీకు మూలము గలది. ‘డ్రాస్టిక్’ అను మాటను ఇంగ్లీషున తొలుత తీవ్రముగా పనిచేయు మందులకు వాడిరి. అందుచేతనేమో తగ్గించుట, కోత పెట్టుట అను అర్థములు గల రెడ్యూస్, కట్ అను క్రియలతో అది తరచుగా కలియును.

ఈ భేదము పండితుల వినోదము మాత్రమే కాదు. 1947లో మద్రాసు రాష్ట్రమున ఎస్టేటు భూముల శిస్తులను తగ్గించు చట్టము వచ్చినది. శిస్తు తగ్గినను జమీందారు జమీందారుగనే యుండెను. 1948 నాటి చట్టము ఎస్టేట్లనే రద్దుచేసి రైత్వారీకి మార్చినది. రైతునకును సర్కారునకును నడుమనున్న జమీందారీ హక్కు తొలగెను. మొదటిది రెడ్యూస్ అను మాటతో తీరును. రాడికల్లీ అనుటకు రెండవదియే తగును. కొమ్మ కోసి వేరు మార్చితిమని ఎవరైన చెప్పినపుడు, మాటల తోడు నెరుగని రైతు నమ్మి మోసపోవును.

అనువాదమునను జాగ్రత్త వలయును. ‘సమూలముగా’ అనునదియు వేరునుండి పుట్టినదే గాని, తెలుగున దానికి చిరకాలపు తోడు నాశనము. మంచి మార్పును చెప్పునపుడు ‘ఆమూలాగ్రముగా మారినది’ అనుట మేలు.

నిఘంటువు మాటను ఒంటరిగా చూపును. గ్రంథము దానిని బంధువులతో చూపును. గ్రంథాలయమున రెండును ఉండవలసిన కారణ మిదియే.