తలుపు తెరచువారెవరు?



ఆటోనగరు గల గాజువాక పురపాలక సంఘము 2005లో 32 గ్రామములతోపాటు విశాఖ నగరపాలనలో కలిసెను. భీమునిపట్నము, అనకాపల్లి 2013లో కలిసినవి. ప్రభుత్వోత్తరువుతో ఎల్లలు మారినవి. ప్రజల వోటు అవసరము లేకపోయెను. ఊళ్లకు బదులు దేశములే ఒక కూటమిలో చేరునప్పుడు నడచు పద్ధతి ఐరోపాలో కానవచ్చును.

1957లో రోము నగరమున ఆరు దేశములు ఒడంబడిక చేసికొన్నవి. ఇప్పుడు ఐరోపా సమాఖ్యలో 27 దేశములు కలవు. చేరగోరు దేశము దరఖాస్తు పెట్టుకొనవలెను. ప్రజాస్వామ్యము, న్యాయపాలన, పోటీకి నిలువగల వాణిజ్యము ఉన్నవా యని విచారింతురు. ఈ షరతులు 1993లో కోపెన్‌హాగెనున ఏర్పడినవి. పిమ్మట సమాఖ్య శాసనములను 35 ప్రకరణములుగా విభజించి, పూర్వము జమాబందిలో గ్రామలెక్కలు తనిఖీ చేసినట్లు, ఒక్కొక్కటే సరిచూతురు.

ఇంత జరిగినను సభ్యదేశములన్నియు ఒప్పుకొననిదే తలుపు తెరువబడదు. ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ 1963లోను, 1967లోను కాదనుటచే బ్రిటను 1973 వరకు వాకిట నిలిచెను. గ్రీసు అభ్యంతరము తీర్చుటకై మాసిడోనియా 2019లో తన పేరునే ఉత్తర మాసిడోనియాగా మార్చుకొనెను. అంతటితో తీరెనా? మరుసటి యేడు భాషాచరిత్రల తగవుతో బల్గేరియా అడ్డుచెప్పెను. పేరు మార్చుకొన్న వానిని మరల వాకిటనే నిలుపుట ధర్మమనిపించదు.

అయితే కాదను హక్కు చేరువానికిని కలదు. నార్వే ప్రజలు 1972లోను, 1994లోను వోటు వేసి చేరికను నిరాకరించిరి. చేరిన పిదప వెడలుటకును దారి కలదు. బ్రిటను 2020లో వెడలెను. నార్వే మాత్రము 1994 నుండి వేరొక ఒప్పందముపై ఆ సంతలో వ్యాపారము సాగించుచు, అచటి శాసనములు పెక్కింటిని పాటించుచున్నది. వానిని చేయునప్పుడు దానికి వోటు లేదు.