పీఎం కిసాన్ సొమ్ము తిరిగి కట్టమంటే ముందు లెక్క అడగండి

(తాటిపాక రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను ఒక్క విషయమే మాట్లాడతాను. "మీరు అనర్హులు, ఇంతవరకు తీసుకున్న పీఎం కిసాన్ సొమ్ము తిరిగి కట్టండి" అని కాగితం వస్తే ఏం చేయాలి? మనవాళ్లలో కొందరు పరువు పోతుందని అప్పు తెచ్చి కట్టేస్తారు. కొందరు కాగితాన్ని చూరులో దోపి ఊరుకుంటారు. రెండూ తప్పే. మొదటివాడు కట్టనక్కర్లేనిది కట్టి ఉండొచ్చు. రెండోవాడు అడగాల్సిన గడువు పోగొట్టుకుంటాడు.

సొమ్మెంతో ముందు చూద్దాం. 2019 ఫిబ్రవరి 24న మొదలైన పథకం ఇది. ఏడాదికి 6,000 రూపాయలు, రెండేసి వేల చొప్పున మూడు విడతలు. మొదటి విడత నుంచి 2025 నవంబరులో వేసిన 21వ విడత దాకా ఒక్కటీ తప్పకుండా పడినా మొత్తం 42,000. పెద్ద ఆసామికి ఇది లెక్కలోది కాదు. అరెకరం కొబ్బరి, ఎకరం వరి ఉన్నవాడికి మాత్రం ఒక్కసారిగా కక్కమంటే ప్రాణం మీదికొచ్చే సొమ్మే.

ఇది ఒకరిద్దరి గొడవ కాదు. 2021 జనవరిలో సమాచార హక్కు కింద బయటికొచ్చిన కేంద్ర వ్యవసాయ శాఖ లెక్క ప్రకారమే, 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లాయి. వాళ్లలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లని ఆ లెక్కే చెప్పింది. నిజంగా పన్ను కట్టే స్థోమత ఉన్నవాడు ఈ సొమ్ము తీసుకుంటే వెనక్కి తీసుకోవాల్సిందే. ఆ మాట మన సంఘం మొహమాటం లేకుండా చెబుతుంది. మన పేచీ అంతా ఆ ముద్ర ఎవరి మీద, ఎలా వేస్తున్నారన్న దగ్గరే.

నిబంధన ఏమంటుంది? గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను "కట్టినవారు" అనర్హులు. రిటర్ను వేసినవారు అనలేదు. ఈ రెంటికీ తేడా కంప్యూటరుకు తెలియకపోతే మనం చెప్పాలి. కోనసీమలో రిటర్ను ఎందుకు వేస్తాం? కొడుకు గల్ఫుకో అమెరికాకో వెళ్తుంటే వీసా కాగితాలకు అడిగారని వేస్తాం. ట్రాక్టరు లోనుకు బ్యాంకు మేనేజరు అడిగాడని వేస్తాం. ఆయిల్ కంపెనీకి స్థలం లీజుకిస్తే అద్దెలో టీడీఎస్ కోసేస్తారు, డిపాజిట్ వడ్డీలోనూ కోస్తారు. అది వెనక్కి తెచ్చుకోవడానికి రిటర్ను వేస్తాం. పన్ను శాఖ "నీ పన్ను సున్నా" అని ఆ సొమ్ము తిరిగిచ్చాక కూడా వ్యవసాయ శాఖ అతన్ని పన్ను చెల్లింపుదారు అంటే అదేం న్యాయం? కాబట్టి ఆ ఏడాది 26ఏఎస్ పత్రం, పన్ను శాఖ పంపిన మదింపు సమాచారం దగ్గర పెట్టుకోండి. ఆ రెండు కాగితాలు నూరు మాటల పెట్టు.

ఇంకోటి. ఒక ఏడాది భూమి అమ్మాడు, ఆ ఏడాది పన్ను కట్టాడు. దానికి 2019 నుంచి పడిన విడతలన్నీ కలిపి ఒకే అంకె వేసి కట్టమంటే ఒప్పుకోనక్కర్లేదు. నిబంధన గత మదింపు సంవత్సరం గురించి మాట్లాడుతోంది, జీవితకాలం గురించి కాదు. ఏ విడత, ఏ తేదీన, ఏ కారణానికి అనర్హత, ఇవి వరసగా రాసి ఇవ్వమని అడగండి. ఇది మన వాదన.

కుటుంబం సంగతి చూడండి. ఈ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. అంతే. హైదరాబాదులో ఉద్యోగం చేసి పన్ను కట్టే ముప్పయ్యేళ్ల కొడుకు అందులోకి రాడు. కానీ మన సచివాలయాల్లో ఇల్లు మొత్తాన్ని ఒకే మ్యాపింగులో పెట్టారు. రాష్ట్ర పథకాలకు దాన్నే చూస్తారు. రైస్ కార్డులో కొడుకు పేరుంది కాబట్టి నీకు కేంద్ర పథకమూ లేదంటే, రెండు పథకాల నిబంధనలు కలిపేశారన్నమాట. అలాగే భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు మీద ఉండాలన్నది నిజమే. అయితే తండ్రి పోయి వారసత్వంగా వచ్చిన భూమికి ఆ గడువు అడ్డు కాదు. తర్వాత కొన్న భూమికి అడ్డే. ఆఖరి తరగతి ఉద్యోగులకు మినహాయింపుంది. మిగతా విశ్రాంత ఉద్యోగులకు నెలకు 10,000, ఆ పైన పెన్షను ఉంటేనే అనర్హత.

అసలు సొమ్ము మీకు చేరిందా? నవ్వకండి. ఆధారు ద్వారా వేసే సొమ్ము చివరిసారి లింకైన ఖాతాకు పోతుంది. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో పడి ఉండొచ్చు. 2020లో తమిళనాడులో ఏం జరిగిందో గుర్తుందా? అధికారుల లాగిన్లు వాడి దళారులు లక్షల మంది అనర్హుల్ని ఎక్కించేశారు. 110 కోట్లకు పైగా పక్కదారి పట్టింది. పేరు ఎక్కించినవాడొకడు, వాటా తిన్నవాడొకడు, నోటీసు అందుకున్నవాడు ఇంకొకడు.

కంప్యూటరు లెక్కను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 2016 నుంచి అక్కడ పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని పక్షాల చొప్పున సమానంగా పంచేసి, భృతి ఎక్కువ తీసుకున్నారంటూ లక్షల మందికి బాకీ నోటీసులు పంపారు. నాలుగు నెలలు పని దొరికి మిగతా కాలం ఖాళీగా ఉన్న కూలీకి ఆ సగటు ఎలా సరిపోతుంది? చివరికి ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేలింది, వసూలు చేసింది తిరిగిచ్చారు, 2023లో రాయల్ కమిషన్ దాన్ని ఉతికి ఆరేసింది. అంత దూరమెందుకు, 2024 జులైలో కొత్తగూడెంలో ఒక ముసలామెను ఆసరా పెన్షను కింద తీసుకున్న లక్షా డెబ్బై రెండు వేలు కట్టమన్నారు. చనిపోయిన కూతురి ఉద్యోగం తాలూకు కుటుంబ పెన్షను ఆమెకు వస్తోందన్నది కారణం. రెండు పెన్షన్లూ ఇచ్చింది ప్రభుత్వమే. ఏళ్ల తరబడి చూసుకోనిది ఎవరు? గొడవయ్యాక అలాంటి నోటీసులు ఆపమని పైనుంచి చెప్పాల్సి వచ్చింది.

కోర్టుల మాట కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. రఫీక్ మసీ కేసులో 2014 డిసెంబరులో, థామస్ డేనియల్ కేసులో 2022 మేలో సుప్రీంకోర్టు ఉద్యోగుల పక్షాన చెప్పింది. ఉద్యోగి మోసం లేకుండా ప్రభుత్వం పొరపాటున ఎక్కువ ఇచ్చి, ఏళ్ల తర్వాత వసూలు చేయడం అన్యాయమంది. అవి జీతాలు, పెన్షన్ల కేసులు. మనకు యథాతథంగా వర్తిస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. పైగా ముందే హామీపత్రం రాసిచ్చినవాడి దగ్గర వసూలు చేయొచ్చని 2016లో జగదేవ్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. మనం నమోదప్పుడు ఇచ్చిన స్వీయ ధ్రువీకరణను ప్రభుత్వం మన మీదికి తెస్తుంది. అందుకే ఆ పత్రం నకలు ముందు అడగాలి. అందులో ఏముంది? సంతకం మీదేనా, వేరెవరైనా టిక్కులు పెట్టారా? నోటీసు ఇచ్చి, జవాబు విని, కారణాలు రాసి ఆదేశమివ్వాలన్న సహజ న్యాయం మాత్రం మనకూ ఉంది. దాని మీద గట్టిగా నిలబడొచ్చు.

పనిలోకి వద్దాం. ఫోనుకొచ్చిన లింకు నొక్కి కట్టకండి. పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారు. అనుమానం ఉంటే 155261కి ఫోను చేయండి. మండల వ్యవసాయాధికారికి అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. నోటిమాటగా "చూస్తాంలెండి" అంటే ఇంటికి రాకండి. అదే రోజు విడతల వారీ లెక్క, మీ ధ్రువీకరణ పత్రం నకలు కోరుతూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, తెల్లకార్డు వారికి అదీ లేదు, జవాబుకు గడువు 30 రోజులు. కదలకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేటులో అర్జీ ఇద్దాం. రెవెన్యూ రికవరీ చట్టం అంటూ బెదిరిస్తే, అది 1864 నాటి చట్టం, దానికీ ఒక పద్ధతుంది. జప్తుకు ముందు రాతపూర్వక డిమాండు ఉండాలి. ఆ దశలో న్యాయసేవా సంస్థకు వెళ్లొచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

నిజంగా అనర్హులైనవారు పోర్టల్లో వాపసు చేసి రసీదు దాచుకోండి, అందులో నామోషీ లేదు. అయితే ఒకటి. ఊళ్లో లేని, పన్ను కట్టే ఆసామి నుంచి వెనక్కి వచ్చే ఆ సొమ్ము ఎటు పోతోంది? అతని చేను దున్నే కౌలుదారుకు పీఎం కిసాన్ పైసా రాదు. మక్తా కట్టేది అతనే, వరదకు పంట పోగొట్టుకునేదీ అతనే. ఆసామి సంతకం పెట్టక సాగు హక్కు కార్డు దొరకనివాడికి రాష్ట్రం సొమ్మూ లేదు. వసూలైన సొమ్ము ఆ చేను సాగు చేసినవాడికి ఇవ్వాలని తీర్మానం రాసి తెచ్చాం, చదివి వినిపిస్తారు. నోటీసు వచ్చినవాళ్లు ఒరిజినళ్లు ఇంట్లో పెట్టి, జిరాక్సులు ఈ బల్ల దగ్గర ఇచ్చి వెళ్లండి.