చట్టం ఇచ్చేది, మనం ఇవ్వవలసింది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాత ముచ్చట్లు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. వకీలును కాబట్టి కొంచెం చట్టం ముచ్చట కూడా చెప్పనివ్వండి. చిన్నప్పుడే పోలియో సోకి ఎడమ కాలు సన్నబడినవాణ్ని. ఆ చట్టం నాకు పుస్తకంలోనిది మాత్రమే కాదు.

నేను లింగాలలో చదివిన రోజుల్లో దివ్యాంగులకు సమగ్రమైన చట్టమే లేదు. మొదటిది 1995లో చేశారు, 1996 ఫిబ్రవరి 7న అమలైంది. అందులో 7 రకాల వైకల్యాలు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్. దాని స్థానంలో 2016 చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. ఇప్పుడు 21 రకాలు. తలసేమియా, సికిల్ సెల్ వ్యాధులు కూడా చేరాయి. ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల సీట్లలో 5 శాతం. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. ఇవి చిన్న విషయాలు కావు.

అయితే చట్టం ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగుతుందో కూడా తెలియాలి.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా మీకు తెలిసే ఉంటుంది. చూపు లేదని పదో తరగతి తర్వాత సైన్స్ చదవనివ్వలేదు. కోర్టుకు వెళ్లి గెలిచి చదివాడు, 98 శాతం తెచ్చుకున్నాడు. తర్వాత ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోలేదు. చివరికి అమెరికాలోని ఎంఐటీకి పోయి చదివాడు. కోర్టు ఒక తలుపు తెరిపించింది. పక్క తలుపు మూసే ఉంది.

ప్రైవేటు కొలువుల్లో రిజర్వేషన్ లేదు. 5 శాతం మందిని తీసుకుంటే ప్రోత్సాహకాలిస్తామని మాత్రమే చట్టం అంటుంది. వైకల్యం 38 శాతమని డాక్టరు రాస్తే రిజర్వేషన్ పోతుంది. ఇక భవనాల సంగతి. అందరికీ అందుబాటులో ఉండాలని చట్టం అన్నా, దాని కింద చేసిన నిబంధన సిఫారసులాగే ఉందని రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తప్పుపట్టింది. తప్పనిసరి నిబంధనలు చేయమంది. ఆ కేసులో క్షేత్ర పరిస్థితులపై నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయమే.

చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా. కానీ కేసు ఎవరు వేస్తారు? నల్లమల లోపలి పెంట నుంచి బిడ్డను భుజాన వేసుకొని వచ్చే చెంచు తల్లి, రేపు మళ్లీ అదే పంతులు ముందు నిలబడాలి కదా!

నేను పదోతరగతిలో ఉన్నప్పుడు మా క్లాసు గదికి ఎత్తైన మెట్లుండేవి. రెండు వారాలు చూసి మా హెడ్మాస్టరు సారు, మెట్లు లేని ఆఫీసు గదిని మాకిచ్చి, తాను మా గదికి మారారు. ఏ సెక్షనూ ఆయనకు ఆ పని చెప్పలేదు. ఎవరికీ ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ గది లేకపోతే నా చదువు అక్కడికే ఆగేది.

అట్లాంటి సార్లు అన్ని బడుల్లో ఉండరు, అందుకే చట్టం కావాలి. చట్టం అన్ని గడపలూ దాటి రాలేదు, అందుకే అట్లాంటి సార్లు కావాలి.

మన సంఘానికి మూడు పనులు అప్పగిస్తున్నాను. బడికి సరైన ర్యాంపు: ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ. చక్రాల కుర్చీ పట్టే వెడల్పు తలుపుతో ఒక మరుగుదొడ్డి. మండలంలో వైకల్య సర్టిఫికెట్ లేని పిల్లల జాబితా రాసి, క్యాంపుకు తీసుకుపోవడానికి బండి. కాయితాల పని, అవసరమైతే కోర్టు పని, ఫీజు లేకుండా నేను చేస్తాను.

జాబితా రాయడానికి నోటు పుస్తకం తెచ్చాను. భోజనాల దగ్గర పెడుతున్నాను. మీ ఊళ్లో తెలిసిన పేర్లు రాసి వెళ్లండి.