బోలు ఎముకల జబ్బు - ఇంట్లో జాగ్రత్తలు
(మన సంఘం వార్షిక సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

మేము డాక్టర్లం కాము, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా సంగారెడ్డి, పటాన్‌చెరు బస్తీల్లో "మా నానీ బాత్రూంలో జారింది, తుంటి విరిగింది" అన్న ముచ్చట మాటిమాటికీ వినపడుతోంది గనుక ఈ విషయం ఎత్తుకున్నాము.

పడ్డందుకు విరిగిందంటాము. కాని ఎముక అప్పటికే లోలోపల బోలుపోయి ఉంటుంది. ఎముకలో పాతది కరుగుతూ, కొత్తది కడుతూ ఉంటుంది. స్త్రీలకు ముట్లు ఆగినాక కరగడమే ఎక్కువవుతుంది. నొప్పి ఉండదు, కాబట్టి తెలియదు. నడుము వంగినా, ఎత్తు తగ్గినా "వయసు మీద పడ్డది" అని ఊరుకుంటాము. అది వెన్నుపూస నలిగిన గుర్తు కావచ్చు.

1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఫ్లోరైడు ఊళ్ళలో మోకాళ్ళు వంకరపోయిన వారికి ఈ బోలుతనం కూడా ఉన్నదని లాన్సెట్ పత్రికలో రాశారు. బోరు నీళ్ళు తాగే ఇళ్ళు నీటిని పరీక్ష చేయించుకోవాలి.

ఇక ఎండ సంగతి. 1962లోనే స్కాట్లండులోని గ్లాస్గోలో పాకిస్తానీ కుటుంబాలలో విటమిన్ డి తక్కువై ఎముకలు మెత్తబడుతున్నాయని వైద్యులు చెప్పారు. అక్కడంటే ఎండ తక్కువ. ఇక్కడ ఎండకేం కొదవ? కాని ఇరుకు గదుల్లోకి అది రాదు, ఆడవాళ్ళు బయటికి పోరు. పర్దా విడువమని మేము అనడం లేదు. మిద్దె మీద చాటు కట్టుకొని, పది, పదకొండు గంటల వేళ ముఖానికి, చేతులకు కాసేపు ఎండ తగలనిస్తే చాలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు.

పాయా తాగితే ఎముక గట్టిపడుతుందని మనవాళ్ళకు గట్టి నమ్మకం. రుచికి తాగండి, అందులో కాల్షియం స్వల్పమే. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగులలో 300కు పైగా దొరుకుతుంది. పాలు, పెరుగు ఉండనే ఉన్నాయి.

బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రిపూట చిన్న బల్బు, తడి లేని నేల - వీటికయ్యే ఖర్చు ఆపరేషను ఖర్చు ముందర ఎంత! ఉబ్బసానికి, కీళ్ళనొప్పులకు మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ గోలీలు నెలల తరబడి మింగేవాళ్ళూ ఉన్నారు. అవి ఎముకను తినేస్తాయి. అయితే వాటిని ఒక్కసారిగా మానరాదు, డాక్టరును అడిగే తగ్గించాలి.

ఇప్పుడు డెక్సా అనే పరీక్షతో ఎముక సాంద్రత ముందే తెలుస్తుంది. మందులూ వచ్చాయి. అలెండ్రోనేట్ గోలీ పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి. డాక్టరుకు చెప్పకుండా మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. మీ ఇంట్లో ఎవరైనా వేయించుకుంటుంటే వచ్చే తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టండి.